అమెరికా థ్రిఫ్ట్ షాపుల్లో పాతకాలపు మంచి బట్టలు కారుచౌకగా కొనడం ఎలా?

జనం విరాళంగా ఇచ్చిన పాత బట్టలు, సామాను అమ్మే థ్రిఫ్ట్ షాపులో ధర వేసే ఉద్యోగికి ఒక్కో బట్ట మీద కొన్ని క్షణాలే దొరుకుతాయి. చొక్కా అయితే ఇంత, కోటు అయితే ఇంత అని రకాన్ని బట్టి చీటీ గుచ్చి రాక్ మీదికి పంపేస్తారు. బాగా తెలిసిన బ్రాండు కనబడితే కాస్త పెంచుతారు. అది 1960లలో కుట్టిన బట్టో, నిరుడు కొన్న బట్టో చీటీ చెప్పదు. మనకు దొరికే బేరమంతా ఆ ఖాళీలోనే ఉంది. బట్ట వయసు చదవడం వచ్చినవాళ్లకు అదే షాపులో మంచి బట్ట దొరుకుతుంది, రానివాళ్లకు చౌక బట్ట దొరుకుతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ చదవడం గురించే.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్తగా దిగిన తెలుగువాళ్లు చాలామంది చలికోటు కోసమే మొదటిసారి ఈ షాపుల్లో అడుగుపెడతారు. ఎవరో విడిచిన బట్టలా అని ఫోనులో ముఖం చిట్లించే పెద్దవాళ్లుంటే, అమ్మమ్మ పట్టుచీరను పెళ్లికి మురిపెంగా కట్టుకున్న సంగతి గుర్తుచేయండి. ఇరవై ఏళ్లు దాటిన బట్టను వింటేజ్ అనడం ఈ వ్యాపారంలో వాడుక. అంటే 2000 నాటి జీన్సు కూడా ఆ కోవలోకి వచ్చేసింది. నా దృష్టి మాత్రం అంతకంటే పాతవాటి మీదే.

1. ఏ షాపులో ఏం దొరుకుతుంది

గుడ్‌విల్ అనే థ్రిఫ్ట్ షాపుల సంస్థ 1902లో బోస్టన్‌లో పుట్టింది. ఎడ్గర్ హెల్మ్స్ అనే మతబోధకుడు సంపన్నుల ఇళ్ల నుంచి పాత బట్టలు, సామాను సేకరించి, వాటిని బాగుచేసే పని పేదలకు ఇవ్వడంతో మొదలైంది. ఇప్పుడది ఒకే సంస్థ కాదు. ప్రాంతానికొకటి చొప్పున నూటయాభైకి పైగా స్థానిక సంస్థలు ఆ పేరుతో నడుస్తున్నాయి. అందుకే ఒక ఊరి గుడ్‌విల్‌లో ఉన్న ధరలు, తగ్గింపు రోజులు పక్క ఊళ్లో ఉండకపోవచ్చు. సేవర్స్, వాల్యూ విలేజ్ షాపులు లాభాపేక్షతో నడిచే ఒకే కంపెనీవి. అక్కడ రాకులు పద్ధతిగా సర్ది ఉంటాయి, ధరలూ కాస్త ఎక్కువే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ షాపుల్లో సర్దుబాటు అంతంతమాత్రం, కానీ ఓపిక ఉన్నవాళ్లకు అదే కలిసివస్తుంది.

నా ఓటు చర్చిలు, ఆసుపత్రుల సహాయక బృందాలు నడిపే చిన్న షాపులకే. వారంలో కొన్ని పూటలే తెరుస్తారు. స్వచ్ఛందంగా పనిచేసే పెద్దవాళ్లు ధరలు చేత్తో రాస్తారు. ఆ పేటలో నలభై ఏళ్లు కాపురమున్నవాళ్లు వృద్ధాశ్రమానికి మారినప్పుడో, పోయినప్పుడో బీరువాలోని బట్టలు మొత్తంగా అక్కడికే చేరతాయి. ఒకే మనిషి బట్టలు ఒకేసారి రాక్ మీదికి వస్తాయి కాబట్టి, ఒక మంచి ఉన్ని కోటు కనబడితే అదే సైజులో మిగతావీ చుట్టుపక్కల ఉంటాయి. ఉద్యోగ విరమణ చేసినవాళ్లు ఎక్కువగా స్థిరపడే ఫ్లోరిడా, అరిజోనా ఊళ్లకు వెళ్లినప్పుడు ఇలాంటి షాపులు తప్పక చూడండి.

ఇక గుడ్‌విల్ అవుట్‌లెట్లు. మామూలు షాపుల్లో అమ్ముడుపోనివి పెద్ద నీలం తొట్లలో పోసి తూకానికి అమ్ముతారు. కొత్త తొట్టి తోసుకొచ్చినప్పుడు సిబ్బంది చెప్పేదాకా ఎవరూ చేయి పెట్టకూడదు. చెప్పగానే తోపులాట మొదలవుతుంది. చేతి తొడుగులు లేకుండా వెళ్లకండి, లోపల పగిలిన గాజు సైతం ఉంటుంది. తిరిగి అమ్ముకునేవాళ్లకు ఇది స్వర్గం. మొదటిసారి వెతికేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టకపోవడమే మంచిది.

2. ఎప్పుడు వెళ్లాలి

వారం మధ్యలో, ఉదయం పూట. లోపల ధరలు వేసిన బట్టలు ట్రాలీల మీద రోజంతా వస్తూనే ఉంటాయి. ఆ ట్రాలీ బయటికి వచ్చే తలుపు ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

ఏడాదిలో రెండు మూడు కాలాలు ప్రత్యేకం. విరాళాలకు పన్ను మినహాయింపు కావాలంటే డిసెంబరు 31లోగా ఇవ్వాలి కాబట్టి, ఆఖరి వారంలో జనం కార్ల నిండా తెచ్చి దించుతారు. అవి జనవరిలో రాకుల మీదికి వస్తాయి. యూనివర్సిటీ ఊళ్లలో మే నెలలో విద్యార్థులు ఖాళీ చేస్తూ వదిలేసిన సరుకు వస్తుంది. ఉన్ని కోట్లు కొనాల్సింది మాత్రం ఏప్రిల్, మే నెలల్లో. నవంబరులో అదే కోటుకు పోటీ ఎక్కువ, ఎంపిక తక్కువ.

సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక చిన్న కిటుకు. వేషాలు వేసుకునే హాలోవీన్ పండగ కోసం చాలా షాపులు వింతగా కనబడే పాత బట్టలన్నిటినీ వేషాల రాక్ మీద తగిలిస్తాయి. ప్లాస్టిక్ రెక్కలకూ దెయ్యం ముసుగులకూ మధ్య 1970ల నాటి పొడవాటి గౌను వేలాడుతూ ఉంటుంది. ముందు ఆ రాక్ చూడండి.

3. ఇంటి నుంచే చేసుకోవాల్సిన పని

మీకు చక్కగా సరిపోయే చొక్కా, ప్యాంటు, కోటు ఒక్కొక్కటి నేల మీద పరిచి కొలవండి. చంక నుంచి చంకకు, భుజం నుంచి భుజానికి, నడుము, చేయి పొడవు. ఆ అంకెలు ఫోనులో రాసుకుని, టేపు జేబులో వేసుకుని బయలుదేరండి. కొన్ని షాపుల్లో ట్రయల్ గదులు ఉండవు కాబట్టి, పైన ఇంకో బట్ట తొడుక్కోవడానికి వీలుగా పలచటి బిగుతు దుస్తులు వేసుకోండి.

లేబుల్ మీది సైజును నమ్మకూడదు. ఆడవాళ్ల దుస్తుల కొలతలకు 1958లో అమెరికా ప్రభుత్వం ఒక ప్రమాణం ప్రకటించింది, 1983లో దాన్ని ఉపసంహరించుకుంది. ఆ తరువాత కంపెనీలు కొనేవాళ్లను సంతోషపెట్టడానికి అంకెలు తగ్గించుకుంటూ పోయాయి. 1960ల నాటి 12 సైజు గౌను నేడు 6, 8 వేసుకునేవాళ్లకు పడుతుంది. టేపు మాట వినండి.

4. చేయి ముందు, కన్ను తరువాత

రాక్ మీద ఒక్కో బట్టా తీసి చూస్తూ పోతే గంటలో అలసిపోతారు. అరచేతిని భుజాల వరుస మీద ఉంచి మెల్లగా నడవండి. పాలియెస్టర్ జారుతుంది, చల్లగా, జీవం లేకుండా తగులుతుంది. పట్టు వేలికి పట్టుకుంటుంది, ఒక్క క్షణంలో వెచ్చబడుతుంది. నార బట్ట, అంటే లినెన్, గరుకుగా, చల్లగా ఉంటుంది. మంచి ఉన్ని బరువు భుజం దగ్గరే తెలుస్తుంది. చీరల దుకాణంలో గంటల తరబడి కూర్చుని చేత్తో తడిమి నేతను పోల్చుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ విద్య సగం వచ్చే ఉంటుంది. చేతికి తేడా తగిలినచోట ఆగండి, అప్పుడు చూడండి.

మీ సైజు, మీ విభాగం అని గిరి గీసుకోవద్దు. ఆడవాళ్లు మగవాళ్ల చొక్కాలు, స్వెటర్ల వైపు వెళ్లాలి. రాత్రి దుస్తుల రాక్‌లో పాతకాలపు పట్టు గౌన్లు ఇరుక్కుని ఉంటాయి. దుప్పట్లు, టేబుల్ గుడ్డల అలమరలో చేత్తో కుట్టిన ఎంబ్రాయిడరీ దొరుకుతుంది. తలకు కట్టే పట్టు స్కార్ఫులు చాలా షాపుల్లో ఒక బుట్టలో పోసి ఉంటాయి. వాటి అంచు చూడండి. చేత్తో చుట్టి కుట్టిన అంచు కాస్త ఉబ్బెత్తుగా, కుట్లు అటూ ఇటుగా ఉంటుంది. మిషను కుట్టు పలచగా, గీత గీసినట్టుంటుంది.

పాలియెస్టర్ గౌన్లు ఎంత పాతవైనా నేను ముట్టను. ఫొటోలో అందంగానే ఉంటాయి, టెక్సస్ ఎండలో వేసుకుంటే ఒళ్లు ఉడికిపోతుంది.

5. లేబుల్ చదవడం

అమెరికాలో బట్టల లేబుళ్ల మీద ఏం ఉండాలో చట్టాలు చెబుతాయి. ఏ చట్టం ఎప్పుడు వచ్చిందో తెలిస్తే బట్ట వయసుకు హద్దులు దొరుకుతాయి.

ఉన్ని ఉత్పత్తుల లేబుళ్ల చట్టం 1941లో అమల్లోకి వచ్చింది. డబ్ల్యూపీఎల్ అనే అక్షరాలతో అంకె కనబడితే ఆ తయారీదారుకు 1941, 1959 మధ్య ఆ సంఖ్య కేటాయించారని అర్థం. తరువాత వచ్చినవి ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నంబరు, సంఖ్యలు. ఈ అంకెలు కంపెనీకి ఇచ్చినవే తప్ప బట్టకు ఇచ్చినవి కావు. పాత సంఖ్యనే ఇప్పటికీ వాడుతున్న కంపెనీలున్నాయి. కాబట్టి బట్ట అంతకంటే పాతది కాదని మాత్రమే రుజువవుతుంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటులో ఆర్ఎన్ సంఖ్య కొడితే కంపెనీ పేరు వస్తుంది. బ్రాండు లేబుల్ ఊడిపోయిన బట్టల విషయంలో ఇది చాలా పనికొస్తుంది.

పత్తి ఇంత శాతం, రేయాన్ ఇంత శాతం అని పోగుల వివరం రాయడం 1960 మార్చి నుంచి తప్పనిసరి అయింది. ఎలా ఉతకాలో చెప్పే పట్టీ శాశ్వతంగా కుట్టి ఉండాలన్న నిబంధన 1972 జులైలో అమల్లోకి వచ్చింది. ఉతికే సూచనలు మాటలు లేకుండా బొమ్మల్లోనే ఉంటే 1997 తరువాతిది అనుకోవచ్చు, అమెరికాలో ఆ వెసులుబాటు అప్పుడే వచ్చింది. ఐరోపా నుంచి వచ్చిన బట్టలకు ఈ లెక్క పనిచేయదు, అక్కడ బొమ్మలు ముందు నుంచే ఉన్నాయి. ఉన్ని ఉండ ఆకారంలో చారల గుర్తు, అంటే వూల్‌మార్క్, 1964లో పుట్టింది. లేబుల్ మీద చిరునామాకు అయిదంకెల జిప్‌కోడ్, అంటే అక్కడి పిన్‌కోడ్, ఉంటే 1963 తరువాతిదే. పశ్చిమ జర్మనీలో తయారైనట్టు రాసి ఉంటే 1990కి ముందుది, చెకొస్లోవేకియా అని ఉంటే 1993కి ముందుది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మహిళా వస్త్ర కార్మికుల సంఘం లేబుల్. ఐఎల్‌జీడబ్ల్యూయూ అనే ఆ సంఘం 1900లో ఏర్పడి, 1995లో మరో సంఘంలో కలిసిపోయింది. గౌను పక్క కుట్టు లోపల, అంగుళం వెడల్పున, సూది గుర్తుతో ఆ చిన్న లేబుల్ దాగి ఉంటుంది. ఎరుపు, తెలుపు, నీలం మూడు రంగుల్లో ఉంటే 1974 నుంచి 1995 మధ్యది. ఏఎఫ్ఎల్-సీఐఓ అనే అక్షరాలు ఉంటే 1955 తరువాతిది, ఎందుకంటే ఏఎఫ్ఎల్, సీఐఓ అనే రెండు కార్మిక సమాఖ్యలు కలిసింది ఆ ఏడాది డిసెంబరులోనే. మెడ దగ్గరి లేబుల్ గుచ్చుకుంటుందని కత్తిరించేసినవాళ్లు కూడా దీని జోలికి వెళ్లి ఉండరు.

ఇవన్నీ కలిపి ఎలా వాడాలో చూడండి. ఒక ఉన్ని స్కర్టు చేతిలోకి తీసుకున్నారనుకుందాం. ఎడమ పక్కన లోహపు జిప్పు. లేబుల్ మీద షాపు పేరు, ఊరు ఉన్నాయి గానీ జిప్‌కోడ్ లేదు. ఉతికే పట్టీ లేదు, కత్తిరించిన ఆనవాలూ లేదు. లోపల సంఘం లేబుల్, దాని మీద ఏఎఫ్ఎల్-సీఐఓ. అంటే 1955 తరువాతిది, చాలావరకు 1960ల నడిమికి ముందుది. లోహపు జిప్పు కూడా దానికి సరిపోతుంది, నైలాన్ జిప్పులు 1960లలోనే విస్తరించాయి. ఏ ఒక్క ఆధారంతోనో తేల్చేయకండి. జిప్పు మార్చి ఉండవచ్చు, పట్టీ ఊడి ఉండవచ్చు. మూడు నాలుగు ఆధారాలు ఒకే వైపు చూపిస్తేనే నమ్మాలి.

6. జీన్సులు, టీ షర్టులు

వీటికి పోటీ ఎక్కువ కాబట్టి త్వరగా ముగిస్తాను. లెవీస్ జీన్సుల ఎర్ర పట్టీ మీద పేరు 1971 వరకు అన్నీ పెద్ద అక్షరాల్లోనే ఉండేది, ఆ తరువాత ఇంగ్లీషు ఇ అక్షరం చిన్నదైంది. అయితే పాత నమూనాలను తిరిగి కుట్టే వరుసల్లో కంపెనీ మళ్లీ పెద్ద ఇ వాడుతోంది. లోపల అనేక భాషల్లో సూచనలున్న పొడవాటి తెల్ల పట్టీ ఉంటే అది కొత్తదే. కాలు అంచు మడిచి పక్క కుట్టు చూడండి. మగ్గం అంచు అలాగే ఉండి, చివర ఎర్ర పోగు కనబడితే లెవీస్ 501 రకంలో అది సుమారు 1980ల నడిమికి ముందుది.

టీ షర్టు చేతి అంచున ఒకే వరుస కుట్టు ఉంటే 1990ల నడిమికి ముందుదయ్యే అవకాశం ఎక్కువ. బొమ్మ కింద అచ్చయిన సంవత్సరం బొమ్మ హక్కులది, చొక్కా కుట్టినది కాదు. పాత సంవత్సరంతో కొత్తగా అచ్చేసినవి కుప్పలుగా ఉన్నాయి.

7. మద్రాసు గళ్లు: మనకు పైచేయి ఉన్నచోటు

మగవాళ్ల చొక్కాల రాక్‌లో గళ్ల చొక్కా ప్రతిదీ తిప్పి చూడండి. 1960లలో అమెరికా కాలేజీ కుర్రాళ్లు మోజుపడి వేసుకున్న మద్రాసు చొక్కాలు ఇంకా దొరుకుతున్నాయి. 1958లో విలియం జాకబ్సన్ అనే దిగుమతిదారు, తరువాతి కాలంలో లీలా హోటళ్లు స్థాపించిన కృష్ణన్ నాయర్ వద్ద ఈ బట్ట కొని బ్రూక్స్ బ్రదర్స్ అనే దుస్తుల కంపెనీకి అమ్మారని, చల్లటి నీళ్లలో విడిగా ఉతకాలన్న హెచ్చరిక కొన్నవాళ్ల దాకా చేరలేదని వ్యాపార వర్గాల్లో చెప్పుకునే కథ. రంగులు దిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అమ్మేవాళ్లు తెలివిగా దాన్నే ప్రచారం చేసుకున్నారు. రంగు దిగుతుందని హామీ ఇస్తూ చీటీలు కట్టారు.

ఈ గళ్లు మనకు పరాయివి కావు. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన మద్రాసు రుమాళ్లు పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతయ్యేవి. గళ్ల లుంగీని రోజూ చూసిన కంటికి నేతగళ్లకూ అచ్చుగళ్లకూ తేడా చిటికెలో తెలుస్తుంది. అసలైన మద్రాసులో రంగు పోగులోనే ఉంటుంది కాబట్టి చొక్కా లోపలి వైపూ అంతే స్పష్టంగా ఉంటుంది. అచ్చు వేసినదైతే వెనుక వెలవెలబోతుంది. వెలుతురుకు పట్టుకుంటే పోగు అక్కడక్కడ లావుగా, సన్నగా కనబడాలి. పాతదైతే గళ్ల సరిహద్దులు కొద్దిగా అలుక్కుపోయి ఉంటాయి. షాపు వాళ్లు దాన్ని వెలిసిపోయిన చొక్కాగా లెక్కగట్టి అట్టడుగు ధర వేస్తారు.

1970లలో మన దేశం నుంచి వెళ్లిన పలచటి ముడతల నూలు గౌన్ల సంగతీ ఇంతే. పాత బట్టల వ్యాపారులు వీటికి మంచి ధర పలికిస్తారు. చెక్క దిమ్మెతో వేసిన అచ్చు అయితే రెండు అచ్చులు కలిసేచోట సన్నటి ఖాళీయో, ఒకదానిపై ఒకటి ఎక్కిన మరకో ఉంటుంది. పెడనలో అద్దకం చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. మెడ లేబుల్ మీద దేశం పేరొక్కటే ఉండి, ఉతికే సూచనలు ముతకగా అచ్చువేసి ఉన్నా చిన్నచూపు చూడకండి.

8. కొనే ముందు లోపాల వేట

బట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. షాపులోని ట్యూబులైటు కింద పసుపు మరకలు దాక్కుంటాయి. మొదట చంకలు చూడాలి. మరక సంగతి తరువాత, అక్కడి గుడ్డ బిరుసెక్కి ఉంటే చెమటకు పోగు చివికిందని అర్థం, ఇక వదిలేయండి. తరువాత కాలరు మడత, మోచేతులు, తొడల మధ్య కుట్టు, జేబు అంచులు.

ఉన్నిని వెలుతురుకు ఎత్తి పట్టండి. చిమ్మటలు తిన్న చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. ఒకటి రెండయితే రఫూ చేయించవచ్చు, కాలరు కింద ఇసుకలాంటి గింజలు కూడా ఉంటే ఇంటికి తేవద్దు. పాత నూలు బట్టను రెండు బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగండి. కాగితం చిరిగినట్టు చప్పుడు చేస్తే అది లోపల పుచ్చిపోయింది. పాత పట్టు మడతల వెంట నిలువుగా చీలుతుంటే ఏ దర్జీ బాగుచేయలేడు. వందేళ్ల కిందటి పట్టుకు బరువు కోసం లోహ లవణాలు పట్టించేవారు, అవే దాన్ని తినేస్తాయి.

గుండీలు, ఊడిన కుట్లు, వేలాడే అస్తరు, పొడవు తగ్గించడం చిన్న పనులు. జిప్పు మార్పించడానికి ఇక్కడి టైలర్లు తీసుకునే డబ్బు తరచుగా బట్ట ధరను మించుతుంది. మీకే కుట్టు వస్తే సరే. కలరా ఉండల వాసన గాలికి పోతుంది. సిగరెట్టు వాసన కష్టం మీద పోతుంది. బూజు పట్టి ముక్కిపోయిన వాసన ఎన్ని ఉతుకులకైనా ఓ మూల మిగిలే ఉంటుంది.

9. ధర

పెద్ద గొలుసు షాపుల్లో బేరమాడితే లాభం లేదు. అక్కడ చూడాల్సింది చీటీ రంగు. చాలాచోట్ల వారానికో రంగుకు సగం ధర తగ్గిస్తారు, ఆ వారం రంగేదో తలుపు దగ్గరే రాసి ఉంటుంది. విద్యార్థులకు, పెద్దవాళ్లకు ప్రత్యేక రోజులున్నాయేమో అడగండి. చిన్న షాపుల్లో మాత్రం లోపం చూపించి మర్యాదగా అడిగితే తగ్గిస్తారు. అయితే మీరిచ్చే డబ్బు ఏ పనికి వెళుతుందో గుర్తుంచుకుని, డాలరు కోసం గీచి గీచి అడగకండి.

వస్తువు నిజంగా ఎంత పలుకుతుందో తెలుసుకోవాలంటే ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో అమ్ముడుపోయినవాటిని మాత్రమే చూపించే వడపోత పెట్టి వెతకండి. అమ్మకానికి ఉన్నవాటి ధరలు అమ్మేవాళ్ల ఆశలు, అంతే. పేరున్న బ్రాండ్లను గుడ్‌విల్ సంస్థలు ముందే ఏరి తమ వేలం సైటులో పెడుతున్నాయి, అందుకే రాక్ మీద పేర్ల కోసం కాక నాణ్యత కోసం వెతకమనేది. తిరిగి తీసుకునే నియమం ఒక్కో షాపుకు ఒక్కో రకం, రసీదు వెనుక చదవండి.

10. ఇంటికి తెచ్చాక

ఉన్ని, పట్టు బట్టలను బీరువాలో మిగతావాటితో కలపకముందే ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి బిగించి, ఫ్రీజరులో కనీసం రెండు వారాలు ఉంచండి. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిమ్మటలు, వాటి గుడ్లు చస్తాయి. బయటికి తీశాక సంచి గది వేడికి వచ్చేదాకా విప్పకండి, లేకపోతే బట్టకు చెమ్మ పడుతుంది.

ఉతికే ముందు రంగు పరీక్ష తప్పనిసరి. లోపలి కుట్టు మీద తడి తెల్ల గుడ్డను అదిమి చూడండి. రంగు అంటుకుంటే విడిగా, చల్లటి నీళ్లలో, తక్కువ సేపు. మద్రాసు చొక్కాకు ఎప్పటికీ ఇదే పద్ధతి. పట్టుకు, ఉన్నికి డిటర్జెంటు కంటే కుంకుడు రసం మేలు. అమెరికాలోని ఇండియన్ దుకాణాల్లో కుంకుడు పొడి దొరుకుతుంది, వడకట్టి వాడండి. తెల్లటి పట్టుకు మాత్రం వద్దు, లేత గోధుమ ఛాయ వస్తుంది. ఉతకడానికి వీల్లేని కోట్ల వాసనకు నాటకాల దుస్తులు చూసేవాళ్లు వాడే ఉపాయం ఒకటుంది: సీసాలో వోడ్కా పోసి లోపలి వైపు పలచగా చల్లి, గాలికి ఆరేయడం. అస్తరు రంగు మీద ముందు ఒక చుక్క వేసి చూసుకోండి.

డ్రయ్యరులో పాత బట్ట ఏదీ వేయవద్దు. తువాలులో చుట్టి నీళ్లు పీల్పించి, నీడలో పరిచి ఆరబెట్టండి. స్వెటర్లను హ్యాంగరుకు తగిలిస్తే భుజాలు సాగిపోతాయి, మడిచి పెట్టండి. కోట్లకు మాత్రం వెడల్పాటి చెక్క హ్యాంగర్లు కావాలి. అవి కూడా అదే థ్రిఫ్ట్ షాపులో, ఇంటి సామాను వరుస చివర, కట్టలుగా అమ్ముతారు.